పిల్లవాడి చేతికి ఆటనిచ్చేవాడి బాధ్యత

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ జంటనగరాల్లో కంప్యూటర్ కొన్న చాలామందికి తెలిసిన చోటే. 2000వ దశకంలో పిల్లల కోసం కంప్యూటర్ కొనడానికి అక్కడికి వెళ్ళిన తల్లిదండ్రులు మానిటరు, కీబోర్డులతో పాటు ‘ఎడ్యుకేషనల్’ అని రాసివున్న సీడీ కూడా ఒకటి తెచ్చుకునేవారు. ‘గేమ్స్’ అనే మాట వింటేనే ముఖం చిట్లించే తండ్రి సైతం ఆ ఒక్క విశేషణం చూసి నిశ్చింతగా ఉండేవాడు. ఇప్పుడు సీడీల కాలం పోయింది. ఆట ఫోనులోకి, ట్యాబులోకి వచ్చింది. విశేషణం మాత్రం అలాగే ఉంది, దాన్ని చూసి కలిగే నిశ్చింత కూడా అలాగే ఉంది.

మన ఇళ్ళలో ఈ ఆటలు ఆడేవాళ్ళే కాదు, వాటిని తయారుచేయగలవాళ్ళు కూడా ఉన్నారు. ప్రోగ్రామింగ్, యానిమేషన్ నేర్చుకుని కంపెనీల్లో పనిచేస్తున్న ముస్లిం యువతీ యువకులు ఎందరో! వారిలో కొందరికి ఒక మంచి ఆలోచన వస్తుంది. పిల్లలకు ఎక్కాలో, తెలుగు అక్షరాలో, వుజూ క్రమమో నేర్పే ఆట ఒకటి తయారుచేయాలని. ఆ వెంటనే సందేహం కూడా వస్తుంది. ఇది పుణ్యకార్యమా లేక వ్యర్థ కాలక్షేపమా? సాధారణంగా ఈ సందేహానికి జవాబును ఆటలోని పాఠంలో వెతుకుతారు. పాఠం మంచిదైతే ఆట మంచిదే అనుకుంటారు. నా దృష్టిలో జవాబు అక్కడ లేదు. పాఠం చెబుతున్నంతసేపూ ఆ ఆట పిల్లవాడితో ఎలా ప్రవర్తిస్తోంది? అతనికి ఇచ్చిన మాట నిలబెట్టుకుంటోందా? తప్పు చేసినప్పుడు ఏమంటోంది? లేచి వెళ్తానంటే వెళ్ళనిస్తోందా? జవాబు ఈ ప్రశ్నల్లో ఉంది.

ముందుగా, పిల్లలు ఆడుకోవడం ధర్మసమ్మతమేనా అన్న విషయంలో ఎక్కువసేపు ఆగనవసరం లేదు. హజ్రత్ ఆయిషా (రజి) బొమ్మలతో ఆడుకునేవారనీ, దైవప్రవక్త (స) ఇంట్లోకి రాగానే సిగ్గుపడి చాటుకు వెళ్ళిన ఆమె స్నేహితురాళ్ళను ఆయనే తిరిగి ఆమె దగ్గరికి పంపేవారనీ బుఖారీలో ఉంది. అబూ ఉమైర్ అనే పసివాడి పెంపుడు పిట్ట చనిపోతే ఆయన (స) ఆ పిట్ట సంగతి అడిగి మరీ అతణ్ణి పలకరించారు. హిజ్రీ 505లో (క్రీ.శ. 1111) పరమపదించిన ఇమామ్ గజాలీ (రహ్మ) తన ‘ఇహ్యా ఉలూముద్దీన్’లో పిల్లల శిక్షణ గురించి రాస్తూ, పాఠశాల నుండి వచ్చిన పిల్లవాడిని అలసట తీరేలా ఆడుకోనివ్వాలన్నారు. ఆటను ఆపి ఎప్పుడూ చదువులోనే బిగించివుంచితే అతని హృదయం చచ్చిపోతుందని, బుద్ధి మందగిస్తుందని, చదువు తప్పించుకునే ఎత్తులు వెతుక్కుంటాడని హెచ్చరించారు. తొమ్మిది వందల ఏళ్ళ నాటి ఈ మాటను మన కార్పొరేట్ స్కూళ్ళ గోడల మీద రాయించాలి!

ప్రాణుల బొమ్మల విషయంలో పండితుల మధ్య అభిప్రాయభేదాలున్నాయి. ఆయిషా (రజి) హదీసు ఆధారంగా పిల్లల బొమ్మలకు మినహాయింపునిచ్చినవారు అనేకులు. ప్రవక్తల రూపాలు చిత్రించే ప్రసక్తే లేదు. మిగతా వివరాలు తయారీదారు తాను విశ్వసించే ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవాలి. ఇక అసలు విషయానికి వద్దాం.

అబూ దావూద్‌లో హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఆమిర్ (రజి) ఉల్లేఖించిన హదీసు ఒకటుంది. ఆయన చిన్నవాడిగా ఉన్నప్పుడు దైవప్రవక్త (స) వారి ఇంట్లో కూర్చుని ఉన్నారు. తల్లి పిల్లవాడిని పిలుస్తూ, వస్తే ఒకటిస్తానని ఆశపెట్టింది. ఏమివ్వాలనుకుంటున్నావని ప్రవక్త (స) ఆమెను అడిగారు. ఖర్జూరం ఇద్దామనుకున్నానని ఆమె చెప్పింది. ఏమీ ఇవ్వకుండా ఉండివుంటే నీ ఖాతాలో ఒక అబద్ధం రాయబడేదని ఆయన అన్నారు. ఆలోచించండి. ఇది కోర్టులో సాక్ష్యం కాదు, బజారులో బేరం కాదు. ఇంట్లో తల్లి పసిబిడ్డను దగ్గరికి పిలవడానికి అన్న మాట. పెద్దలెవరూ లెక్కలోకి తీసుకోని మాట. పసివాడికి ఇచ్చిన మాట కూడా మాటేనని ఆనాడు తేలిపోయింది.

ఇప్పుడు ఒక ఆటను తెరిచి చూడండి. ఇంకో ఐదు లెక్కలు చేస్తే బంగారు పెట్టె ఇస్తానంటుంది. పిల్లవాడు చేస్తాడు. పెట్టె వస్తుంది కాని దానికి తాళం ఉంటుంది. తాళంచెవి కావాలంటే ఇంకో పది లెక్కలు చేయాలి, లేదా ఒక ప్రకటన చూడాలి, లేదా నాన్న ఫోనులోంచి డబ్బు కట్టించాలి. పెద్దవాడైతే మోసమని ఒక్క క్షణంలో పసిగట్టేస్తాడు. పిల్లవాడు తనలోనే ఏదో లోపముందనుకుని మళ్ళీ మొదలుపెడతాడు. ‘అది ఆటే కదా, యంత్రం చెప్పింది అబద్ధమెలా అవుతుంది?’ అని ఎవరైనా అడగవచ్చు. యంత్రానికి కర్మల పత్రం లేదు, నిజమే. ఆ వాక్యాన్ని యంత్రం చేత పలికించిన మనిషికి ఉంది. ఆ తల్లి ఒక్క బిడ్డను ఒక్కసారి పిలిచింది. ఈయన రాసిన వాక్యం వేల ఇళ్ళలో ప్రతిరోజూ పిలుస్తూనే ఉంటుంది.

మూసిన పెట్టెల్లో మరో చిక్కు ఉంది. లోపల ఏముందో తెలియదు, ఒకసారి వజ్రం, పదిసార్లు మట్టిబెడ్డ. ప్రతిఫలం ఎప్పుడొస్తుందో తెలియనప్పుడే ప్రాణి ఆ పనిని ఎక్కువసేపు వదలకుండా చేస్తుందని అమెరికన్ మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాలు, ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో గమనించాడు. జూదశాలలోని యంత్రాలు నడిచేది కూడా ఈ సూత్రం మీదే. డబ్బు చెల్లించి తెరిచే కొన్ని ఆటల పెట్టెలు జూదమేనని 2018లో బెల్జియం ప్రభుత్వ గేమింగ్ కమిషన్ తేల్చింది. డబ్బు లేని పెట్టెను ఫిఖ్హ్ పరిభాషలో జూదమని నేను అనడం లేదు. కాని దివ్యఖుర్ఆన్ మాయిదా సూరాలో (5:91) జూదాన్ని నిషేధిస్తూ దాని ద్వారా షైతాను మనుషుల మధ్య వైరం పెంచాలని, వారిని దైవస్మరణ నుండి, నమాజు నుండి ఆపాలని కోరుకుంటాడని చెప్పబడింది. ఏడేళ్ళ పిల్లవాడికి ఆ అలవాటు రుచిని ఎక్కాల పేరుతో చూపించి, పద్దెనిమిదేళ్ళకు అతను ఫోనులో పందేలు కాస్తున్నాడని ఏడవడం ఏం న్యాయం? ఆన్‌లైన్ రమ్మీలాంటి పందెపు ఆటలను తెలంగాణ రాష్ట్రం 2017లోనే చట్టంతో నిషేధించింది. డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025లో పార్లమెంటు కూడా చట్టం చేసింది. చట్టాలు డబ్బు దగ్గర మొదలవుతాయి, అలవాటు అంతకన్నా చాలా ముందు మొదలవుతుంది.

‘అయితే పిల్లలకు బహుమానమే ఇవ్వకూడదా?’ అని తయారీదారు అడుగుతాడు. ఇవ్వవచ్చు. ఇక్కడ సున్నితమైన తేడా ఒకటుంది. అది అర్థం కావాలంటే సహాబీ మహిళల ఇళ్ళలోకి వెళ్ళాలి. హజ్రత్ రుబయ్యి బిన్తె ముఅవ్విజ్ (రజి) కథనం బుఖారీ, ముస్లింలలో ఉంది. ఆషూరా ఉపవాసం రోజున వారు తమ చిన్నపిల్లల చేత కూడా ఉపవాసం ఉంచేవారు. పిల్లలకోసం ఉన్నితో బొమ్మలు చేసేవారు. ఎవరైనా అన్నం కోసం ఏడిస్తే ఇఫ్తార్ వేళ వరకూ ఆ బొమ్మ ఇచ్చి ఊరడించేవారు. ఈ హదీసును ఆట తయారుచేసేవాడు పదేపదే చదవాలి. ఆరాధనకు ఆటవస్తువు సాయపడవచ్చనడానికి ఇంతకంటే స్పష్టమైన నిదర్శనం ఏం కావాలి? అయితే ఆ తల్లులు ఉపవాసముంటే బొమ్మ ఇస్తామని బేరం పెట్టలేదు. ఆకలి వేసినప్పుడు బొమ్మ ఇచ్చారు. బొమ్మ ఉపవాసానికి కూలి కాలేదు, తోడైంది.

కూలికీ తోడుకూ ఉన్న తేడా ఊహ మాత్రమే కాదు. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు పరిశోధకులు బొమ్మలు వేయడమంటే సహజంగానే ఇష్టపడే నర్సరీ పిల్లలపై ఒక ప్రయోగం ఫలితాలు ప్రకటించారు. కొందరికి బొమ్మ వేస్తే ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా తర్వాత ఇచ్చారు. మిగిలినవారికి ఏమీ ఇవ్వలేదు. కొద్దిరోజుల తర్వాత చూస్తే, ముందే బేరం కుదుర్చుకున్న పిల్లలకు బొమ్మలు వేయడంపై ఆసక్తి బాగా తగ్గిపోయింది. చెప్పకుండా పొందినవారిలో తగ్గలేదు. పత్రం ఒక్కటే, ఇచ్చిన తీరు వేరు.

లెక్క చేస్తేనే తుపాకీ పేలే ఆటలు 1980ల నుండీ ఉన్నాయి. అలాంటి ఆట పిల్లవాడికి ఏం చెబుతోంది? లెక్క చేదుమందు, కాల్పులు తేనె అని. తయారుచేసినవాడే పాఠాన్ని సుంకంగా మార్చేశాక పిల్లవాడు పాఠాన్ని ప్రేమించాలని ఎలా ఆశిస్తాం? దీనికి భిన్నమైనవీ ఉన్నాయి. 1971లో అమెరికాలోని మిన్నెసోటాలో ఉపాధ్యాయ వృత్తిలోకి వస్తున్న ముగ్గురు యువకులు చరిత్ర పాఠం కోసం ‘ఆరిగన్ ట్రెయిల్’ అనే ఆట తయారుచేశారు. బండ్లు కట్టుకుని వేల మైళ్ళు వలసపోయే కుటుంబం. చేతిలో ఉన్న డబ్బుతో ఎంత తిండి కొనాలి, ఎద్దులకు ఎంత పెట్టాలి అన్నది పిల్లవాడే నిర్ణయించుకోవాలి. అక్కడ లెక్క ఆటకు బయట లేదు, లెక్కే ఆట. మన తయారీదారు దీన్ని మోండా మార్కెట్‌లో కూరగాయల సంచీతో చేయలేడా? ఇన్ని రూపాయలు, ఇందరు అతిథులు, కిలో ధర ఇంత. సంచీ నింపుకుని ఇంటికి వస్తే వంట సరిపోయిందా లేదా అన్నదే ఫలితం. వేరే నక్షత్రాలు అక్కర్లేదు.

నమాజు, ఖుర్ఆన్ పఠనం నేర్పే ఆటల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అక్షరాల ఉచ్చారణకు, వుజూ క్రమానికి ఆట ఉపయోగపడుతుంది. చేసిన నమాజుకు పాయింట్లు వేసి, ఎవరికెన్ని వచ్చాయో తెరమీద వరుసకట్టి చూపించడం మాత్రం నాకు మింగుడుపడదు. కర్మలు సంకల్పాలపైనే ఆధారపడి ఉన్నాయని బుఖారీలోని మొట్టమొదటి హదీసు. ఆరాధనను పదిమందికి చూపించుకోవడం నేర్చుకున్నాక దాన్ని మాన్పించడం ఎంత కష్టమో పెద్దవాళ్ళకు తెలుసు కదా.

తప్పు సంగతి చూద్దాం. పిల్లవాడు ఏడెనిమిదులు యాభై నాలుగు అని నొక్కాడు. చాలా ఆటలు ఇక్కడ రెండు పనుల్లో ఒకటి చేస్తాయి. కర్ణకఠోరమైన శబ్దం చేసి, ఎర్రటి గుర్తు వేసి, ఒక ప్రాణం తీసేస్తాయి. లేదా ఏమీ జరగనట్లు మళ్ళీ నొక్కమంటాయి. మొదటిదానివల్ల భయం పుడుతుంది. రెండోదానివల్ల నాలుగు జవాబుల్లో ఏదో ఒకటి తగిలేదాకా నొక్కుతూ పోయే అలవాటవుతుంది. చూసేవాళ్ళకు పిల్లవాడు నేర్చుకుంటున్నట్లే కనిపిస్తాడు.

బుఖారీ, ముస్లింలలోని ప్రసిద్ధ హదీసు గుర్తుచేసుకోండి. ఒక వ్యక్తి మస్జిదులో హడావిడిగా నమాజు చేసి వచ్చి సలాం చెప్పాడు. దైవప్రవక్త (స) సలాముకు జవాబిచ్చి, వెళ్ళి మళ్ళీ చేయమన్నారు, చేసింది నమాజు కాలేదన్నారు. మూడుసార్లు అలాగే జరిగింది. చివరికి ఆ వ్యక్తి తనకు ఇంతకంటే బాగా రాదని, నేర్పమని అడిగాడు. అప్పుడు ఆయన (స) నిలబడటం దగ్గర నుండి సజ్దా వరకు ఒక్కొక్కటి చెబుతూ, ప్రతి దశలోనూ నెమ్మదిని, స్థిమితాన్ని బోధించారు. ఈ సంఘటనలో అబద్ధపు మెప్పు లేదు. తప్పును తప్పనే చెప్పారు. అవమానమూ లేదు, ప్రతిసారీ సలాముకు జవాబు అందింది. నేర్చుకోవాలన్న కోరిక అతని నోటినుండే వచ్చేదాకా ఓపిక పట్టారు. నమాజులో మాట్లాడిన హజ్రత్ ముఆవియా బిన్ హకమ్ (రజి) కూడా, ప్రవక్త (స) తనను కసురుకోలేదు, కొట్టలేదు, తిట్టలేదు, ఆయనకంటే గొప్ప బోధకుణ్ణి తాను చూడలేదని సాక్ష్యమిచ్చారు. ప్రతి నొక్కుకూ ‘అద్భుతం! అమోఘం!’ అని అరిచే ఆటలను ఈ కొలబద్దతో కొలిచి చూడండి. మెప్పు కూడా ఒక సాక్ష్యమే. రానివాడిని వచ్చిందని చెప్పడం అబద్ధపు సాక్ష్యం.

ఈ విద్యను నేర్చుకోవడానికి సికింద్రాబాద్ యువకుడు దూరదేశాలు పోనక్కరలేదు. బోయినపల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పాటైన జాతీయ సంస్థ ఉంది. బుద్ధిమాంద్యం గల పిల్లల విద్య, పునరావాసం కోసం పనిచేసే ఆ కేంద్ర ప్రభుత్వ సంస్థను నేడు ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. అని పిలుస్తున్నారు. అక్కడ ప్రత్యేక విద్యా ఉపాధ్యాయులు శిక్షణ పొందుతారు. ప్రత్యేక విద్యలో ఒక మౌలిక పద్ధతి ఉంది. చేతులు కడుక్కోవడం లాంటి పనిని కూడా చిన్నచిన్న అంచెలుగా విడగొడతారు. కొళాయి తిప్పడం ఒక అంచె, చేయి తడపడం ఒక అంచె. మొదట పిల్లవాడి చేయి పట్టుకుని చేయిస్తారు, తర్వాత వేలితో చూపిస్తారు, ఆపైన నోటిమాటతో సరిపెడతారు, చివరికి ఆ మాట కూడా మానేస్తారు. పిల్లవాడు తప్పితే తప్పు అతనిది అనరు, అంచె మరీ పెద్దదైందేమోనని చూసి ఇంకా చిన్నది చేస్తారు. వుజూ నేర్పే ఆటకు ఇంతకంటే మంచి నమూనా ఏముంది?

మన తయారీదారు తన ఆటను తెలివైన మేనల్లుడి చేత ఆడించి చూసి సంతోషపడతాడు. ఆలస్యంగా గ్రహించే పిల్లవాడి ముందు పెట్టి చూడాలి. గడియారం పరుగెడుతుంటే అతను ఏం చేస్తాడో, ఓడిపోయావని తెర చెప్పినప్పుడు అతని ముఖం ఎలా ఉంటుందో దగ్గర కూర్చుని గమనించాలి. అంధుడైన హజ్రత్ అబ్దుల్లాహ్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) నేర్చుకోవాలని వచ్చినప్పుడు, ఖురైషు పెద్దల వైపు ధ్యాస ఉండటం గురించి సాక్షాత్తూ దైవప్రవక్తనే (స) సున్నితంగా మందలిస్తూ అబస సూరా (80వ సూరా) అవతరించింది. నేర్చుకోవడానికి పరుగున వచ్చినవాడి హక్కు అంత గొప్పది. తెరను చూడలేని, త్వరగా నొక్కలేని, చదవడంలో తడబడే పిల్లవాడికి కూడా ఆ హక్కు ఉంది.

పోటీ గురించి ఒక మాట. సత్కార్యాల్లో పోటీపడమని ఖుర్ఆన్ చెబుతుంది, కాబట్టి పోటీ మొత్తంగా చెడ్డది కాదు. అయితే బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియా పరిశోధకులు 2006, 2007 సంవత్సరాల్లో పేద పాఠశాలల్లో ఒక విషయం గమనించారు. ఒక్క కంప్యూటర్ చుట్టూ చాలామంది పిల్లలుంటే మౌస్ ఒక్కడి చేతిలోనే ఉండిపోతోంది. అందుకని ఒకే తెరకు అనేక మౌసులు తగిలించారు. ముందు నొక్కినవాడిదే గెలుపు అన్నప్పుడు, ముఖ్యంగా మగపిల్లలు, ఆలోచించకుండా నొక్కేయసాగారు. అందరూ ఒప్పుకుని నొక్కితేనే ఆట ముందుకు కదులుతుందన్నప్పుడు పిల్లలు ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు. నియమం ఒక్కటి మార్చితే స్వార్థం స్థానంలో సంప్రదింపు వచ్చింది. అది మార్చగలిగే అధికారం తయారీదారు చేతిలోనే ఉంది.

ఇక చివరి పరీక్ష, ఆట ముగింపు. హసన్, హుసైన్ (రజి)లలో ఒకరు సజ్దాలో ఉన్న తాతగారి వీపు ఎక్కినప్పుడు ఆయన (స) సజ్దాను పొడిగించారనీ, పిల్లవాడి సరదా తీరకముందే తొందరపెట్టడం తనకు ఇష్టం లేకపోయిందని తర్వాత చెప్పారనీ నసాయీలో ఉంది. కాబట్టి ఆట మధ్యలో ఫోను లాక్కునే పెద్దలు కూడా ఒకసారి ఆలోచించాలి. అయితే ఆ సరదాకు ఒక ముగింపు ఉంది. పసివాడు తనంతట తాను దిగాడు. నేటి ఆటకు ముగింపు లేకుండా చేస్తున్నారు. ఒక మెట్టు అయిపోతుండగానే రెండోది దానంతటదే మొదలవుతుంది. ఒక్కరోజు రాకపోతే ఇన్నాళ్ళ గొలుసు తెగిపోయిందని ఏడుపు ముఖం చూపిస్తుంది. మగ్రిబ్ అజాన్ వినిపిస్తున్నా పిల్లవాడు లేవలేకపోతే ఆ నేరం ఒక్క పిల్లవాడిదేనా? పదినిమిషాల్లో పూర్తయ్యే విడతలుగా ఆటను కట్టవచ్చు. విడత అయ్యాక తెర నిశ్చలంగా ఆగిపోవచ్చు. ఎక్కడ వదిలాడో గుర్తుపెట్టుకుని, ఎన్నాళ్ళకు వచ్చినా నిందించకుండా అక్కడినుండే మొదలుపెట్టవచ్చు. ఇవి సాంకేతికంగా చాలా తేలికైన పనులు. చేయకపోవడం వెనుక ఉన్నది డబ్బు.

పెద్దవాళ్ళను కట్టిపడేసే తీరు కూడా ఇలాగే ఉంటుంది. అమెరికాలో ‘ఏబీసీమౌస్’ పేరుతో పిల్లల విద్యా ఆటలు నడిపే ‘ఏజ్ ఆఫ్ లెర్నింగ్’ సంస్థ, చందా రద్దు చేసుకోవడాన్ని తల్లిదండ్రులకు కష్టతరం చేసిందనే ఆరోపణపై 2020లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీపడి కోటి డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. అక్షరాలు నేర్పే ఆట మీదనే ఈ ఆరోపణ వచ్చింది!

ఇంతా విన్న తయారీదారు నిట్టూర్చి, తాళం పెట్టెలు లేని, ప్రకటనలు లేని, పిల్లవాడిని వదిలేసే ఆట బజారులో నిలబడదని అంటాడు. అతని మాటలో నిజముంది. ఆ నిజానికి బాధ్యులం మనమే. సీడీల రోజుల్లో అసలు సీడీ పక్కనపెట్టి కాపీ సీడీ అడిగిన మనం, ఇప్పుడు ఉచితంగా దొరికేదే దించుకుంటున్నాం. ఉచితమైన ఆటకు పిల్లవాడి సమయమే వెల, అతని అలవాట్ల సమాచారమే వెల. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల కదలికలను గమనిస్తూ వారికి గురిపెట్టి ప్రకటనలు చూపరాదని 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో రాసుకున్నాం. మరి ఆ తయారీదారు ఇల్లు ఎలా గడవాలి? కూలివాడి చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న హదీసు (ఇబ్నె మాజా) గోడ కట్టే మేస్త్రీకి మాత్రమే వర్తిస్తుందా? బర్త్‌డే కేకుకు పెట్టే ఖర్చులో కొంత ఒక మంచి ఆటకు ముందుగానే చెల్లించే కుటుంబాలు ఒక బస్తీలో యాభై దొరికితే, ఒక పాఠశాల యాజమాన్యమో, మస్జిదు కమిటీయో వారిని ఒకచోట చేర్చగలిగితే, పార్క్‌లేన్ పక్కసందులో కూర్చుని పనిచేసే ఆ యువకుడు బంగారు పెట్టెకు తాళం వేయవలసిన అవసరం ఉండదు. రంజాన్ సెలవులకు ముందు జరిగే పేరెంట్స్ మీటింగులో, ఫీజుల చర్చ అయ్యాక, ఈ విషయం కూడా ఎవరైనా ఎత్తితే బాగుంటుంది.